పాత డెస్క్‌టాప్‌ను హోమ్ సర్వర్‌గా 24 గంటలూ నడపొచ్చా? కరెంటు ఖర్చు, మెషీన్ ఎంపిక, ఇన్వర్టర్ సంగతులు

మీరు అడిగింది ఇదీ: హనుమకొండలో సొంతిల్లు. ఐ5 ప్రాసెసర్ ఉన్న పదేళ్ల నాటి డెస్క్‌టాప్ ఒకటి వాడకుండా మూలన పడి ఉంది. దాన్ని రోజంతా ఆన్‌లో ఉంచి ఇంట్లోవాళ్ల ఫోన్లలోని ఫోటోలు, వీడియోలు (ఇప్పటికి 600 జీబీ దాకా) ఒకచోట చేర్చాలి. పెళ్లి వీడియోలు, సినిమాలు హాల్లో టీవీలో చూడాలి. డాలస్‌లో ఉన్న మీ అన్నయ్య వాళ్లకీ ఆ ఫోటోలు కనిపించాలి. బిల్లు ఎంత పెరుగుతుంది? ఆ డెస్క్‌టాప్ చాలా, లేక రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు) గానీ మినీ పీసీ గానీ కొనాలా? ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, కరెంటు పోతే ఏం చేయాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ డెస్క్‌టాప్‌ను రోజంతా నడపొద్దు. సెకండ్ హ్యాండ్‌లో ఆఫీసు మినీ పీసీ ఒకటి తీసుకోండి. ఇంట్లో బాగా పనిచేసే పాత ల్యాప్‌టాప్ ఉంటే ఏమీ కొనకుండా దాంతోనే మొదలుపెట్టండి. మీరు చెప్పిన పనులన్నీ 8 నుంచి 12 వాట్లలో అయిపోతాయి. డెస్క్‌టాప్‌ను పారేయొద్దు, దానికి వేరే పని ఉంది, కింద చెప్తాను. నేను చేసేది నెట్‌వర్క్ ఉద్యోగమే. బంధువుల ఇళ్లలో, స్నేహితుల ఇళ్లలో ఇలాంటివి పెట్టిస్తుంటాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు బిల్లు లెక్క, ఎందుకంటే ఇంట్లో గొడవ వచ్చేది అక్కడే. ఒక్క వాట్ ఏడాది పొడవునా నడిస్తే 8.76 యూనిట్లు. అలాంటి పాత డెస్క్‌టాప్ ఏ పనీ చేయకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా 50, 60 వాట్లు లాగుతుంది. 60 అనుకుంటే నెలకు 43 యూనిట్లు. 10 వాట్ల మినీ పీసీకి అదే నెలకు 7 యూనిట్లు.

43 యూనిట్లేగా అనిపించవచ్చు. కానీ తెలంగాణలో స్లాబుల పద్ధతి చూస్తే అసలు తేడా తెలుస్తుంది. నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు ఉన్నంతవరకు మొదటి వందకు యూనిట్‌కు 3.40, తర్వాతి వందకు 4.80. అదే 200 దాటితే మొదటి 200 యూనిట్ల రేటే మారిపోయి అన్నిటికీ 5.10 పడుతుంది, ఆపైన 300 దాకా వాడినదానికి 7.70. మీ ఇంట్లో ఇప్పుడు 175 యూనిట్లు కాలుతున్నాయనుకోండి, ఎనర్జీ చార్జీ 700 రూపాయలు. డెస్క్‌టాప్ పెడితే 218 అవుతుంది, చార్జీ 1,159కి వెళ్తుంది. అంటే ఆ 43 యూనిట్లకు మీరు కట్టేది 459 రూపాయలు. మినీ పీసీ పెడితే 182 యూనిట్లు, పెరిగేది 34 రూపాయలు. గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్న ఇల్లయితే ఇంకా జాగ్రత్త, 200 దాటిన నెల బిల్లు మొత్తం చేతి నుంచి కట్టాలి. ఆంధ్రాలో ఉన్నవాళ్లకు ఇలాంటి గెంతు ఉండదు, స్లాబు దాటినా కింది యూనిట్ల రేటు మారదు. కానీ 225 దాటిన ఇంట్లో 400 దాకా ప్రతి అదనపు యూనిట్‌కూ 8.75 పడుతుంది కాబట్టి అక్కడా డెస్క్‌టాప్ ఖర్చు నెలకు 370 రూపాయల పైమాటే. రేట్లు మారుతుంటాయి, ఫిక్స్‌డ్ చార్జీలు వేరే ఉంటాయి. మీ బిల్లు కాగితం మీద ఉన్న రేటుతో ఒకసారి లెక్కేసుకోండి.

కొనేముందు కొలవండి. ప్లగ్‌లో పెట్టే వాట్ మీటర్ దొరుకుతుంది, ఉంటే మంచిదే. అది లేకపోయినా మీ ఇంటి కరెంటు మీటరే చాలు. మీటర్ మీద ఒక చిన్న ఎర్ర లైట్ మిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కన 3200 ఇంప్ పర్ కేడబ్ల్యూహెచ్ అనో, 1600 అనో రాసి ఉంటుంది. అంటే ఒక యూనిట్‌కు ఆ లైట్ అన్నిసార్లు వెలుగుతుందన్నమాట. మధ్యాహ్నం ఎవరూ ఏమీ వాడని వేళ ఇంట్లో ఫ్రిజ్, మోటార్, ఇన్వర్టర్‌తో సహా అన్నీ ఆపి, కంప్యూటర్ సిస్టం యూనిట్ ఒక్కటే ఆన్‌లో ఉంచండి, మానిటర్ కూడా వద్దు. అది పూర్తిగా బూట్ అయ్యాక పది నిమిషాలు ఆగి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, ఒక మిణుకు నుంచి తర్వాతి మిణుకు దాకా ఎన్ని సెకన్లో చూడండి. 3200 మీటర్‌కు 1125ను ఆ సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి, 1600 అయితే 2250ని భాగించాలి. 60 వాట్ల డెస్క్‌టాప్‌కు 19 సెకన్లకోసారి లైట్ వెలుగుతుంది. 8 వాట్ల మినీ పీసీకి రెండు నిమిషాల 20 సెకన్లు ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపు ఇంట్లోవాళ్లకు పక్కన నిలబెట్టి చూపించండి, బిల్లు గురించి మళ్లీ ఎవరూ అడగరు. చవక వాట్ మీటర్లు ఐదు వాట్ల లోపు రీడింగ్ తప్పుగా చూపిస్తుంటాయి, అందుకే అవి వాడేవాళ్లు అప్పటికప్పుడు కనిపించే అంకెను కాకుండా ఒక రోజంతా ఉంచి మొత్తం యూనిట్లు చూడాలి.

ఇక మెషీన్. హోమ్ సర్వర్ రోజులో చాలాసేపు ఖాళీగానే ఉంటుంది. రాత్రి ఫోటోలు ఎక్కుతాయి, సాయంత్రం ఎవరో వీడియో చూస్తారు, అంతే. కాబట్టి మీరు చూడాల్సింది ఖాళీగా ఉన్నప్పుడు ఎంత లాగుతుందన్నదే. డబ్బా మీద రాసే టీడీపీ (థర్మల్ డిజైన్ పవర్) అంకె దాని గురించి ఏమీ చెప్పదు, అది పూర్తి లోడ్ మీద వేడికి సంబంధించినది. చాలామంది ఐ5-8500టీ అంటే 35 వాట్లు, మామూలు 8500 అంటే 65 వాట్లు, అందుకని 'టీ' ఉన్నదే కొనాలనుకుంటారు. ఖాళీగా ఉన్నప్పుడు రెండూ దాదాపు ఒకటే. 'టీ' రకం గరిష్ఠ వాడకాన్ని మాత్రమే తగ్గిస్తుంది. 'టీ' కోసం ఎక్కువ డబ్బులు పెట్టాల్సిన పని లేదు.

పాత డెస్క్‌టాప్ ఎక్కువ తినడానికి ప్రాసెసర్ ఒక్కటే కారణం కాదు. దానిలోని 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా) 30 వాట్ల దగ్గర చాలా నష్టంతో నడుస్తుంది. మదర్‌బోర్డ్, ఫ్యాన్లు, పాత హార్డ్ డిస్క్ తలా ఇంత వేస్తాయి. గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే చెప్పనక్కర్లేదు. నల్గొండలో మా బావగారు ఇలాంటిదే పట్టుకుని కూర్చున్నారు, కొత్తది కొనడం ఇష్టం లేదు. గ్రాఫిక్స్ కార్డ్ పీకేసి, డీవీడీ డ్రైవ్ కేబుల్ తీసేసి, బయోస్‌లో (మెషీన్ ఆన్ అవుతుండగా తెరుచుకునే మూల సెట్టింగుల్లో) సీ-స్టేట్స్, అంటే ఖాళీగా ఉన్నప్పుడు ప్రాసెసర్‌ను నిద్రపుచ్చే సెట్టింగులు, అన్నీ ఆన్ చేస్తే 70 పైన ఉన్నది 40 దగ్గరికి వచ్చింది. అక్కడి నుంచి కిందికి మాత్రం దిగలేదు. ఆ తరం మెషీన్లతో ఇంతే.

మినీ పీసీ అంటే ఆఫీసుల్లో మానిటర్ వెనక బిగించి ఉండే ఒక లీటర్ సైజు డబ్బా. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ, లెనోవో థింక్‌సెంటర్ టైనీ. కంపెనీలు మార్చేసినప్పుడు ఇవి సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు వస్తాయి. మీకు దగ్గర్లో అంటే సికింద్రాబాద్ ప్యారడైజ్ పక్కన సీటీసీ కాంప్లెక్స్‌లో అడగండి. 8వ జనరేషన్ ఐ3 అయినా ఐ5 అయినా మీ పనికి ఎక్కువే. ర్యామ్ 8 జీబీ చాలు, 16 ఉంటే హాయి.

షాపులోనే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆన్ చేసి బయోస్‌లోకి వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే ఆ పీస్ వదిలేయండి, ఇంటికెళ్లాక ఎవరూ తీసిపెట్టరు. అడాప్టర్ కంపెనీదేనా చూడండి. డెల్ మెషీన్లు తమది కాని అడాప్టర్‌ను గుర్తుపట్టకపోతే ప్రాసెసర్ వేగాన్ని తగ్గించేస్తాయి. బయోస్‌లోనే కరెంటు తిరిగొచ్చినప్పుడు దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది, డెల్‌లో ఏసీ రికవరీ, మిగతావాటిలో ఆఫ్టర్ పవర్ లాస్. అది పవర్ ఆన్‌కు పెట్టి, ప్లగ్ పీకి పెట్టి, తనంతట లేస్తుందో లేదో అక్కడే పరీక్షించండి.

కొత్తదే కావాలంటే ఇంటెల్ ఎన్100 ఉన్న చిన్న డబ్బాలు ఉన్నాయి. 2023లో వచ్చిన ఈ ప్రాసెసర్‌లో నాలుగు కోర్లే, అయినా మీ పనులకు సరిపోతుంది. వీడియో విషయంలో 8వ జనరేషన్ కన్నా ఒక మెట్టు పైనే, ఏవీ1 అనే కొత్త రకం వీడియోను హార్డ్‌వేర్‌లో చదువుతుంది. నా అనుమానమల్లా వాటితో వచ్చే అడాప్టర్ల మీద. పేరూ ఊరూ లేని అడాప్టర్‌ను ఏళ్ల తరబడి 24 గంటలూ ప్లగ్‌లో ఉంచడం నాకు ఇష్టం ఉండదు. బీఐఎస్ గుర్తు ఉన్నది వేరే కొని పెట్టండి.

రాస్ప్‌బెర్రీ పై గురించి. ఖాళీగా మూడు నాలుగు వాట్లే, నిజమే. యాడ్‌లు ఆపే పై-హోల్‌కో, ఇంట్లోని స్మార్ట్ పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్‌కో అది చక్కగా సరిపోతుంది. మీ పనికి మాత్రం వద్దంటాను. పై 5లో వీడియోను హార్డ్‌వేర్‌లో ఎన్‌కోడ్ చేసే, అంటే వేరే ఫార్మాట్‌లోకి మార్చే, సౌకర్యమే లేదు. యూఎస్‌బీ హార్డ్ డిస్క్ పెడితే కరెంటు చాలదు. 5 యాంప్స్ అడాప్టర్ ఉంటే యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 1.6 యాంప్స్ ఇస్తుంది, మామూలు 3 యాంప్స్ అడాప్టర్ అయితే 0.6 మాత్రమే. చిన్న 2.5 అంగుళాల డిస్క్ కూడా తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఒక యాంప్ దాకా లాగొచ్చు. డిస్క్ మధ్యలో మాయమైపోయి మళ్లీ కనిపించడం, ఫైల్ సిస్టం పాడవడం అక్కడే మొదలవుతాయి. పైగా బోర్డు, అడాప్టర్, కూలర్, కేసు, ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) అన్నీ కలిపితే ధర మినీ పీసీ దగ్గరికే వస్తుంది. మిగిలే ఐదారు వాట్లకు ఇన్ని తిప్పలు పడక్కర్లేదు.

ల్యాప్‌టాప్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. స్క్రీన్ ఆపితే పది వాట్ల దగ్గరే ఉంటుంది, బ్యాటరీ ఎలాగూ ఉంది కాబట్టి చిన్న యూపీఎస్ ఉన్నట్టే. కానీ ఎప్పుడూ 100 శాతం చార్జ్‌తో మన వరంగల్ ఎండల్లో ఉంచితే బ్యాటరీ ఉబ్బుతుంది. చార్జ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ చాలా మోడళ్లలో ఉంది, పెట్టుకోండి. నెలకోసారి టచ్‌ప్యాడ్ మీద వేలితో తడిమి చూడండి. అది కాస్త పైకి లేచినట్టున్నా, నొక్కితే క్లిక్ పడకపోయినా బ్యాటరీ ఉబ్బుతోందని అర్థం, వెంటనే తీయించేయాలి.

రెడీమేడ్ నాస్ (డిస్కులు పెట్టి ఇంటి నెట్‌వర్క్‌లో వాడుకునే డబ్బా) కూడా మంచిదే, ఏమీ గెలకడం ఇష్టం లేనివాళ్లకు. మీరు అడిగిన తీరు చూస్తే మీకు గెలకడం ఇష్టమేనని తెలుస్తోంది, అందుకే దాని గురించి ఎక్కువ రాయట్లేదు.

డిస్కుల విషయంలో తొందరపడొద్దు, వాట్లు మిగిలేదీ పోయేదీ ఎక్కువగా ఇక్కడే. 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ ఊరికే తిరుగుతూ ఉన్నా 4 నుంచి 6 వాట్లు. అలాంటివి రెండు పెడితే మినీ పీసీ వాడకం రెట్టింపవుతుంది. ఎస్‌ఎస్‌డీ ఖాళీగా ఉంటే ఒక వాట్ కూడా ఉండదు. మీకున్నది 600 జీబీ. నా సలహా, 2 టీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి లోపల పెట్టి ఫోటోలన్నీ దాని మీదే ఉంచండి. ఇల్లంతా సైలెంట్‌గా ఉంటుంది, వేడి ఉండదు. సినిమాలు, పెళ్లి వీడియోలకు మాత్రం బయట ఒక హార్డ్ డిస్క్, సొంత అడాప్టర్ ఉన్నది.

ఆ బయటి డిస్క్‌ను అరగంట వాడకపోతే నిద్రపోయేలా పెట్టండి. అయితే డిస్క్ నిద్రపోవాలంటే దాన్ని ఎవరూ ముట్టకూడదు. టీవీకి వీడియోలు పంపే జెల్లీఫిన్ ప్రోగ్రాంలో లైబ్రరీ స్కాన్ గంటకోసారి పెట్టుకుంటే గంటకోసారి లేస్తుంది. డిస్క్ ఆరోగ్యం చూసే స్మార్ట్ ప్రోగ్రాం కూడా లేపేస్తుంది, నిద్రలో ఉంటే ముట్టొద్దని దానికి ఆప్షన్ ఉంది. డేటాబేస్‌లు, థంబ్‌నెయిల్స్, లాగ్స్ అన్నీ ఎస్‌ఎస్‌డీ మీద ఉండాలి, హార్డ్ డిస్క్ మీద పెద్ద ఫైళ్లు మాత్రమే. నిద్ర సమయాన్ని ఐదు నిమిషాలకు తగ్గించే ఆశ వద్దు. మాటిమాటికీ ఆగి లేవడం వల్ల డిస్క్ అరుగుతుంది, ప్రతిసారి లేచేటప్పుడు 20 వాట్ల పైన లాగుతుంది. రోజుకు మూడు నాలుగుసార్లు లేచేలా ఉంటే సరిగ్గా ఉన్నట్టు.

రెయిడ్ (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతి) వద్దు. రెయిడ్‌లో ఒక ఫైల్ చదివినా సాధారణంగా అన్ని డిస్కులూ తిరగాల్సి వస్తుంది, పైగా పొరపాటున ఫోటోలు డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతాయి. ఆ రెండో డిస్క్ డబ్బును బ్యాకప్‌కు పెట్టండి.

ఇక్కడే మీ పాత డెస్క్‌టాప్‌కు పని ఉంది. దాంట్లో ఒక పెద్ద డిస్క్ పెట్టి, బయోస్‌లో ఆర్‌టీసీ అలారం (చెప్పిన టైముకు మెషీన్‌ను ఆన్ చేసే సెట్టింగ్) తెల్లవారుజామున 2 గంటలకు పెట్టండి. కొన్ని బోర్డుల్లో వారానికి ఒక రోజు ఎంచుకోవచ్చు, లేదంటే సర్వర్ నుంచే వేక్ ఆన్ ల్యాన్‌తో (నెట్‌వర్క్ తీగ ద్వారా ఆన్ చేసే పద్ధతి) ఆదివారం లేపొచ్చు. లేచి, సర్వర్ నుంచి కొత్త ఫైళ్లు తనే లాక్కుని, తనే షట్‌డౌన్ అవ్వాలి. బ్యాకప్ మెషీన్ వచ్చి తీసుకోవాలి తప్ప సర్వర్‌కు దాని పాస్‌వర్డ్ ఇవ్వకూడదు. అప్పుడు సర్వర్‌లోకి ఏదైనా వైరస్ వచ్చినా అక్కడి నుంచి నేరుగా బ్యాకప్ మెషీన్‌లోకి దూరడం కష్టం. వారానికి రెండు గంటలు నడిస్తే 60 వాట్ల మెషీన్‌కైనా నెలకు అర యూనిట్టే. నడవనప్పుడు ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆన్‌లోనే ఉండాలి, ఒకటి రెండు వాట్లు పోతాయి, పోనివ్వండి.

మూడో కాపీ ఇల్లు దాటాలి. దొంగతనమో, షార్ట్ సర్క్యూటో జరిగితే ఒకే ఇంట్లోని రెండు కాపీలూ పోతాయి. మా ఇంట్లో ఫోటోల కాపీ ఒకటి రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రాంతో ఎన్‌క్రిప్ట్ అయి ఖమ్మంలో మా అత్తగారింట్లో ఉన్న చిన్న డిస్క్‌కు వెళ్తుంది. మీకు అలాంటి వీలు లేకపోతే ఒక పోర్టబుల్ డిస్క్‌లో కాపీ చేసి, పండక్కి ఊరెళ్లినప్పుడల్లా మార్చి వస్తే చాలు. కరెంటు ఆదా చేయడానికి బ్యాకప్ ఎత్తేసిన ఇళ్లు చూశాను, అలా మాత్రం చేయకండి.

కరెంటు కోతలు, ఇన్వర్టర్. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందని రాశారు, చాలావరకు అదే చాలు. అయితే ఇన్వర్టర్ వెనక్కి వెళ్లి చూడండి. చాలా మోడళ్లకు అక్కడ ఒక చిన్న స్విచ్ ఉంటుంది, ఒక వైపు యూపీఎస్, ఇంకో వైపు ఎకో లేదా నార్మల్ అని. ఎకోలో ఉంటే కరెంటు పోయినప్పుడు మారడానికి పట్టే సమయం ఎక్కువ. ఫ్యాన్‌కు, లైట్‌కు తెలియదు గానీ కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది. యూపీఎస్ వైపు పెట్టండి. దీనివల్ల వోల్టేజీ కాస్త తగ్గినా ఇన్వర్టర్ బ్యాటరీ మీదకు వెళ్తుంది, లో-వోల్టేజీ ఉన్న వీధుల్లో సాయంత్రాలు బ్యాటరీ తరచూ వాడుతుంది. మీ దగ్గర అలా ఉంటే స్విచ్ ఎకోలోనే వదిలేసి, సర్వర్‌కు విడిగా చిన్న యూపీఎస్ పెట్టడం మంచిది.

ఫైబర్ డబ్బా, రౌటర్ కూడా ఇన్వర్టర్ లైన్ మీదే ఉండాలి, లేకపోతే సర్వర్ నడుస్తున్నా ఎవరికీ అందదు. రౌటర్ల కోసం అమ్మే 12 వోల్టుల మినీ యూపీఎస్‌ను డెల్, హెచ్‌పీ మినీలకు వాడలేం, వాటికి 19, 20 వోల్టులు కావాలి. ఎన్100 డబ్బాలు చాలావరకు 12 వోల్టులవే గానీ యాంప్స్ సరిపోతాయో లేదో చూసి పెట్టాలి.

ఇన్వర్టర్‌తో ఒక చిక్కు ఉంది. బ్యాటరీ అయిపోతోందని అది సర్వర్‌కు చెప్పలేదు. యూఎస్‌బీ ఉన్న యూపీఎస్ అయితే నట్ అనే ప్రోగ్రాం చూసుకుంటుంది. ఇన్వర్టర్‌కు నేను చేసే పని ఏమిటంటే, ఇన్వర్టర్ మీద లేని, నేరుగా మెయిన్ లైన్ మీద ఉన్న ప్లగ్‌లో ఒక స్మార్ట్ ప్లగ్‌నో పాత రౌటర్‌నో పెడతాను. సర్వర్ నిమిషానికోసారి దాన్ని పింగ్ చేస్తుంది, అంటే నెట్‌వర్క్‌లో ఉన్నావా అని అడుగుతుంది. గంటసేపు జవాబు రాకపోతే కరెంటు లేనట్టు, సర్వర్ మర్యాదగా షట్‌డౌన్ అవుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది చూసుకోరు. సర్వర్ ఆగిపోయాక ఇన్వర్టర్ బ్యాటరీ పూర్తిగా అయిపోకముందే కరెంటు వచ్చిందనుకోండి, సర్వర్ దృష్టిలో అసలు కరెంటు పోనే లేదు. కాబట్టి బయోస్‌లోని ఆ ఆఫ్టర్ పవర్ లాస్ సెట్టింగ్ పనిచేయదు, అది ఆగే ఉంటుంది. రోజూ ఉదయం 6 గంటలకు ఆర్‌టీసీ అలారం పెట్టేస్తే, ఆగి ఉంటే లేస్తుంది, నడుస్తుంటే ఏమీ కాదు.

ఎర్తింగ్ ఒక్కసారి ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 దగ్గర, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులు ఉండాలి. ఎర్త్ సరిగా లేని ప్లగ్‌లో సర్జ్ ప్రొటెక్టర్ పెట్టినా సగం ఉపయోగమే. ఫైబర్ తీగ గాజుది కాబట్టి పిడుగు దాని వెంట వచ్చే అవకాశం తక్కువ, ఎక్కువగా కరెంటు లైన్ వెంట వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలివాన మొదలైతే ప్లగ్ పీకేయడమే మేలు.

ఎక్కడ పెట్టాలంటే, అటక మీద వద్దు, తలుపులున్న షోకేస్‌లో వద్దు. మేలో స్లాబు కింద అటక ఎంత ఉడికిపోతుందో మీకు తెలుసు. హాల్లో రౌటర్ పక్కన, నేలకు మూడడుగుల ఎత్తున, గాలి ఆడేచోట చాలు. హార్డ్ డిస్క్ 50 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. చీమలు వెచ్చగా ఉండే చోట గూడు పెడతాయి, రెండు మూడు నెలలకోసారి మూత తీసి బ్రష్‌తో దుమ్ము దులపండి.

సాఫ్ట్‌వేర్ ఎక్కువ పెట్టుకోవద్దు. డెబియన్ (ఉచిత లినక్స్), దాని మీద డాకర్ (ఒక్కో ప్రోగ్రాంను విడిగా ఒక పెట్టెలో నడిపేది), అందులో ఫోటోలకు ఇమ్మిచ్, వీడియోలకు జెల్లీఫిన్. మీకు ఇంతే కావాలి. వాట్లు తగ్గించడానికి పవర్‌టాప్ అని ఒక ప్రోగ్రాం ఉంది, దాన్ని ఆటో ట్యూన్‌తో నడిపితే చాలావరకు అదే చూసుకుంటుంది. అందులో ప్యాకేజీ సీ-స్టేట్ అని ఒక వరస కనిపిస్తుంది. మెషీన్ సీ8 దాకా వెళ్తుంటే బాగున్నట్టు, సీ2, సీ3 దగ్గరే ఆగిపోతే ఏదో ఒక పరికరం దాన్ని పడుకోనివ్వట్లేదని అర్థం. చాలాసార్లు అది నెట్‌వర్క్ కార్డో, డిస్కులు తగిలించడానికి అదనంగా పెట్టిన సాటా కార్డో అవుతుంది. జేఎంబీ585 చిప్ ఉన్న సాటా కార్డులు ఈ విషయంలో అపఖ్యాతి పొందాయి, ఏఎస్‌ఎం1166 నయం. మీకు ఒకే ఎస్‌ఎస్‌డీ కాబట్టి కార్డే అక్కర్లేదు.

మొదటివారం వాట్లు చూసి భయపడొద్దు. 600 జీబీ ఎక్కించగానే ఇమ్మిచ్ ప్రతి ఫోటోలో ముఖాలు గుర్తుపడుతుంది, అవసరమైన వీడియోలకు చిన్న కాపీలు తయారు చేస్తుంది. అది రోజుల తరబడి సాగుతుంది, ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది. అది అయిపోయాక చూసిన అంకే అసలు అంకె. ఇమ్మిచ్ తన డేటాబేస్ కాపీ రోజూ తీసి పెట్టుకుంటుంది, కానీ అందులో ఆల్బమ్‌ల వివరాలే ఉంటాయి, ఫోటోలు ఉండవు. బ్యాకప్‌లో రెండూ ఉండాలి.

పెళ్లి వీడియోలు డీవీడీల్లో ఉంటే ఇప్పుడే దించేయండి, డీవీడీలు కలకాలం ఉండవు. వాటిలోని ఎంపెగ్-2 వీడియోను చాలా టీవీ యాప్‌లు నేరుగా ఆడించవు, చూసిన ప్రతిసారీ సర్వర్ మార్చి పంపాల్సి వస్తుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రాంతో డీఇంటర్‌లేస్ (బొమ్మలో అడ్డ గీతలు పోగొట్టే ఆప్షన్) ఆన్ చేసి ఒకసారి హెచ్264కు మార్చి పెట్టుకుంటే ఆ భారం పోతుంది. అసలు ఫైల్ కూడా ఉంచుకోండి. ఇంకో మాట, జెల్లీఫిన్‌లో తెలుగు సబ్‌టైటిల్స్ వీడియోలో కలిపి పంపేటప్పుడు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తుంటాయి. డాకర్ లోపల తెలుగు ఫాంట్ లేకపోవడమే కారణం. నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌ను ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్‌ను డాకర్ లోపల /usr/local/share/fonts/custom దగ్గర కనిపించేలా జోడిస్తే సరిపోతుంది.

చివరగా మీ అన్నయ్య వాళ్లకు. రౌటర్‌లో పోర్టులు (బయటి నుంచి సర్వర్‌లోకి దారులు) తెరవొద్దు, తెరిచిన గంటల్లోనే ఎవరెవరో తలుపు తట్టడం లాగ్స్‌లో చూస్తారు. అసలు మన ఫైబర్ కనెక్షన్లు చాలావరకు సీజీన్యాట్ (ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచే పద్ధతి) వెనక ఉంటాయి, పోర్టులు తెరిచినా పనిచేయవు. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (కంపెనీ మీ రౌటర్‌కు ఇచ్చిన అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీదీ అంతే. టెయిల్‌స్కేల్ పెట్టండి, మన పరికరాలను ప్రైవేటుగా కలిపే వీపీఎన్ అది, ఇంటి వాడకానికి ఉచితం. లోపల వైర్‌గార్డ్‌తో ఎన్‌క్రిప్ట్ అవుతుంది, సీజీన్యాట్‌తో ఇబ్బంది లేదు. సర్వర్‌లో ఒకసారి, మీ అన్నయ్య, వదినల ఫోన్లలో ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే ఇమ్మిచ్ యాప్‌లో నేరుగా ఆల్బమ్‌లు తెరుచుకుంటాయి. షేరింగ్‌లో సర్వర్ ఒక్కటే వాళ్లకు కనిపించేలా పెట్టండి, ఇంట్లోని మిగతా పరికరాలు అక్కర్లేదు. నెట్ నెమ్మదిగా అనిపిస్తే టెయిల్‌స్కేల్ స్టేటస్‌లో డైరెక్ట్ అని ఉందో, రిలే (మధ్యలో వేరే సర్వర్ మీదుగా) అని ఉందో చూడండి. రిలే అయితే రెండు వైపులా రౌటర్లలో ఐపీవీ6 ఆన్ చేసి చూడండి, చాలాసార్లు దాంతోనే డైరెక్ట్ అవుతుంది. మీ మీటర్ లెక్క వచ్చాక ఎన్ని సెకన్లో, మీటర్ మీద ఇంప్ ఎంతో ఇక్కడ రాయండి, మెషీన్ ఎంపికకు ముందు ఒకసారి కలిసి చూద్దాం.